బాపు పన్నడు, లొల్లి చెయ్యకు

మే నెల వస్తే రామగుండం పేరు రోజూ వార్తల్లో ఉంటుంది. నలభై ఐదు డిగ్రీలు దాటిందని టీవీలో కింద అక్షరాలు పోతుంటాయి. కింద బొగ్గు, పైన సూర్యుడు, పక్కన ఎన్టీపీసీ పొగగొట్టాలు. గోదావరిఖనిలో మిట్టమధ్యాహ్నం కుక్క కూడా గోడ నీడ వదిలి కదలదు. అలాంటి ఎండలో, కూలర్ ముందు కూర్చుని కూడా, ఇంటర్ చదివే పిల్ల మణికట్టు దాకా చేతులున్న చొక్కా వేసుకుని ఉంటే ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారు? ఫ్యాషన్ అనుకుంటారు. నల్లబడతానని భయమేమో అనుకుంటారు. చెమటకాయలేమో అనుకుంటారు. ఆ చేతుల కింద గాయాలుండొచ్చన్నది అన్నిటికంటే చివర తోచే సంగతి. చాలా ఇళ్లలో అది తోచడం కూడా ఉండదు. బట్టలు ఉతికేటప్పుడు మరకై కనబడుతుంది.

ఒక ఇల్లు అనుకుందాం. ఇది ఫలానావాళ్లదని ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. పవర్ హౌస్ కాలనీలోనో, ఎయిట్ ఇంక్లైన్ కాలనీలోనో ఉండే ఎన్నో ఇళ్ల నుంచి తలా కొంత తెచ్చి కట్టుకున్న ఇల్లు. తండ్రి భూగర్భ గనిలో మైనింగ్ సర్దార్. తల్లి ఇంటి పని చూసుకుంటూ మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. పెద్దపిల్ల ఇంటర్ సెకండియర్, చిన్నవాడు ఎనిమిదో తరగతి.

గనికి మూడు షిఫ్టులు. పొద్దున ఏడుకు ఒకటి, మధ్యాహ్నం మూడుకు ఒకటి, రాత్రి పదకొండుకు ఒకటి. నైట్ షిఫ్ట్ పడిన వారం ఆ ఇంటికి పగలే రాత్రి. తండ్రి ఎనిమిదింటికి వచ్చి, స్నానం చేసి, ఇంత తిని పడుకుంటాడు. ఇక సాయంత్రం దాకా ఇంట్లో ఒకటే మాట: "బాపు పన్నడు, లొల్లి చెయ్యకు." టీవీ గొంతు పడిపోతుంది. కుక్కర్ కూత వేస్తుందని తల్లి అన్నం గిన్నెలో వండుతుంది. అక్కాతమ్ముళ్లు గుసగుసల్లోనే కొట్లాడుకుంటారు. దెబ్బ తగిలితే దిండులో మొహం పెట్టి ఏడవడం ఇలాంటి ఇళ్ల పిల్లలకు అఆలకంటే ముందే వస్తుంది. ఇందులో తప్పుపట్టడానికి ఎవరూ లేరు. ఎనిమిది గంటలు భూమి కింద ఉండి వచ్చిన మనిషికి నిద్ర కావాలి. నిద్ర చాలని సర్దార్ మర్నాడు కప్పు చప్పుడు సరిగా వినలేడు. కాకపోతే పదిహేడేళ్లు వచ్చేసరికి ఆ పిల్లకు చప్పుడు లేకుండా బాధపడటం చేతనైపోయింది.

కప్పు చప్పుడంటే ఏమిటో గనిలోకి దిగనివాళ్లకు కొంచెం చెప్పాలి. బ్లాస్టింగ్ అయి పొగ పలచబడ్డాక ముందు లోపలికి పోయేది సర్దారే. ఒక చేతి వేళ్లు పైకప్పుకు ఆనించి, రెండో చేతిలోని కర్రతో తడతాడు. గట్టి రాయైతే ఖంగుమంటుంది. పొర విడిన రాయి పగిలిన కుండలా డొల్లగా పలుకుతుంది. ఒక్కోసారి చెవికి అందని తేడా వేళ్లకు సన్నటి అదురై తెలుస్తుంది. డొల్ల పలికినచోట ఊడేదాన్ని దూరంగా నిలబడి గడ్డపారతో రాలగొట్టించి, మిగతా కప్పుకు ఆసరాలు పెట్టించాకే కార్మికులను పోనిస్తాడు. తడితే కప్పు కూలుతుందని ఏ సర్దారూ భయపడడు. తట్టని కప్పు కిందికి పోవాలంటేనే భయం.

ఇరవై ఏళ్లుగా ఆ పని చేస్తున్న మనిషి ఇంటికొచ్చి పిల్ల మొహం చూసి, "ఏదో ఉన్నది, ఇప్పుడు కదిలిస్తే ఇంకింత ఎక్కువైతది" అనుకుని ఊరుకున్నాడు.

మరక కనబడిన రోజు మొదట నోరు తెరిచింది తల్లి. "ఏందే ఇది? ఎవడన్న ఏమన్నడా?" ఆ తర్వాత ఏడుపు. ఏడుపు వెనక "నీకేం తక్కువ చేసినమే?" చివరికి పిల్ల చెయ్యి తన నెత్తిన పెట్టుకుని "ఇంకోసారి చెయ్యనని నా మీద ఒట్టెయ్యి." పిల్ల ఒట్టేసింది. పదిరోజులు నిలబడింది. పదకొండో రోజు గాయంతో పాటు ఒట్టు తప్పిన పాపం కూడా వచ్చి కూర్చుంది. ఈసారి ఇంకా లోపలికి దాచింది. తండ్రి వంతు వచ్చినప్పుడు ఆయన అన్న మాట వేరు: "సదువు ఇష్టం లేకుంటే చెప్పు, గీ యాక్టింగ్ ఎందుకు?" అంటున్నప్పుడే ఆయన గొంతు వణికింది. పిల్లకు మాట వినబడింది గానీ వణుకు వినబడలేదు.

యాక్టింగే అయితే దాచుకోవడం ఎందుకు? చూపించుకోవాలనుకునేవాళ్లు మే నెలలో ఫుల్ చేతులు వేసుకోరు. వైద్యులు ఏళ్లుగా చెబుతున్నదీ ఇదే. తమను తాము గాయపరచుకునే పిల్లల్లో చాలామంది అది ఎవరికీ తెలియనివ్వరు. చచ్చిపోవాలన్న కోరిక అందరిలోనూ ఉండదు. లోపల పట్టరానిదేదో ఉబికినప్పుడు కాసేపు తెరిపి దొరుకుతుందని కొందరు, మొద్దుబారిపోయిన మనసుకు ఏదో ఒకటి తెలియాలని కొందరు, తమ మీద తమకే కసిపుట్టి కొందరు ఆ పని చేస్తారు. అలాగని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. ఇవాళ చావాలని లేని పిల్లకు రేపు ఆ ఆలోచన వచ్చే ప్రమాదం మిగతా పిల్లలకంటే ఎక్కువ. దేశదేశాల సర్వేలన్నీ కలిపి చూసినవాళ్లు, కౌమారంలో ఉన్న పిల్లల్లో దాదాపు 17 శాతం మంది ఒక్కసారైనా ఇలా చేసుకున్నారని తేల్చారు. అరవై మంది ఉన్న క్లాసులో పది మంది. మన దేశంలో నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 13–17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని చెప్పింది. అది పన్నెండు రాష్ట్రాల్లో చేసిన సర్వే. ఆ పన్నెండులో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు.

అమెరికాలో మార్షా లినెహాన్ అని ఒక మనస్తత్వవేత్త ఉన్నారు. గాయపరచుకునేవాళ్లకు ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న డీబీటీ అనే చికిత్సను తయారుచేసింది ఆవిడే. పేరు మోసిన ప్రొఫెసర్. 2011 జూన్‌లో, 68 ఏళ్ల వయసులో, హార్ట్‌ఫర్డ్ పట్టణంలోని ఒక మానసిక చికిత్సాలయంలో సభ పెట్టి, యాభై ఏళ్ల కిందట ఇదే ఆసుపత్రిలో తాను రోగినని చెప్పారు. 1961లో పదిహేడేళ్ల పిల్లగా అక్కడ చేరారు. తనను తాను గాయపరచుకోవడం ఆగక రెండేళ్లకు పైగా అక్కడే ఉన్నారు. ఆనాటి వైద్యానికి ఆమె బాధ అంతుపట్టలేదు. తర్వాత ఆవిడ కట్టిన చికిత్సలో రెండు కాళ్లున్నాయి. ఒకటి, "నువ్వు పడుతున్నది నిజం, నీ స్థితిలో అలా అనిపించడం సహజం" అని ఒప్పుకోవడం. రెండోది, ఆ ఉబుకు వచ్చినప్పుడు గాయం బదులు ఏం చేయాలో ఒక్కొక్కటిగా నేర్పడం. మన ఇళ్లలో రెండో కాలు మీదే నడిపిద్దామని చూస్తాం: "మానెయ్యి, మారు, మంచిగుండు." ఆ చికిత్స పిల్లలకు ఇచ్చేటప్పుడు ఇంకో సంగతి ఉంది. పాఠాలకు తల్లిదండ్రులు కూడా వచ్చి కూర్చుంటారు, హోంవర్క్ వాళ్లకూ ఉంటుంది.

అడిగితే ఎక్కువవుతుందన్న సర్దార్ భయం సంగతేమిటి? ఆ భయం ఆయన ఒక్కడిదే కాదు. చావు మాట ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చదువుకున్నవాళ్లూ అనుకుంటారు. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో 2,300 మందికి పైగా పిల్లలతో దీన్ని పరీక్షించి చూశారు. సగం మందిని ఆ ఆలోచనల గురించి సూటిగా అడిగారు, సగం మందిని అడగలేదు. అడిగినవాళ్లలో బాధ గానీ ఆ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే దిగులుతో ఉన్నవాళ్లకు అడగడం వల్ల కొంత తెరిపి కలిగిన సూచనలూ కనిపించాయి. ఆ ఫలితాలు 2005లో వెలువడ్డాయి. కాబట్టి "చచ్చిపోవాలనిపిస్తుందా బిడ్డా?" అని అడగొచ్చు. గొంతు మెల్లగా ఉండాలి. జవాబు వచ్చినప్పుడు ఉలిక్కిపడి లేవకుండా కూర్చోగలగాలి. అంతకంటే తెలివైన ప్రశ్న అక్కర్లేదు.

తల్లి సంగతి వేరే. ఆమెకు ప్రశ్నలు బయటి నుంచి వస్తాయి. ఆడపడుచు అంటుంది, "నీ పెంపకం గట్లున్నది" అని. ఆమె తనను తాను అనుకునేది ఇంకా ఎక్కువ: కడుపుతో ఉన్నప్పుడు ఏడ్చినందుకా, చిన్నప్పుడు ఒకసారి కొట్టినందుకా, మిషన్ మీద కూర్చుని పట్టించుకోనందుకా? ఈ తప్పు ఆమె నెత్తిన వేసినవాళ్లలో శాస్త్రం కూడా ఉంది. 1948లో ఫ్రీడా ఫ్రమ్ రైక్‌మన్ అనే పేరున్న మానసిక వైద్యురాలు స్కిజోఫ్రేనియాకు తల్లి తీరే కారణమనే అర్థం వచ్చేట్టు ఒక మాట పుట్టించారు. దశాబ్దాల పాటు అమెరికాలో తల్లులు ఆ మాట మోశారు. తర్వాతి పరిశోధనల ముందు అది నిలబడలేదు, శాస్త్రం దాన్ని వదిలేసింది. పిల్ల పుట్టుకతో వచ్చిన మనసు, ఇంట్లో జరిగినవి, బడిలో జరిగినవి, ఎవరికీ చెప్పుకోలేనివి అన్నీ కలిస్తే ఈ గాయపరచుకోవడం. అందులో తల్లి వాటా ఎంతో కొలిచే తక్కెడ ఎవరి దగ్గరా లేదు.

సర్దార్ భయానికి ఇంకో పేరుంది. ఎర్రగడ్డ. హైదరాబాద్‌లో అదొక పేట, అక్కడొక ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. తెలంగాణలో మాత్రం అదొక తిట్టు. "ఎర్రగడ్డకు తోలాలె నిన్ను" అని స్నేహితులు నవ్వుకుంటూ అనుకునే మాట తన బిడ్డ విషయంలో నిజమవుతుందేమోనని ఆయనకు గుబులు. పిల్లను డాక్టర్‌కు చూపిస్తే రేపు సంబంధాలు రావేమో. అదే కొడుకైతే ఇంకో చిక్కు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కి సింగరేణి బొగ్గు కంపెనీలో ఉద్యోగం వస్తుంది, మానసిక వైద్యుడి చీటీ ఉందని ఆ మెడికల్ టెస్టులో తీసేస్తారేమో. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు దాదాపు నలభై వేలే. ఉన్న ఒక్క ఉద్యోగం చుట్టూ ఇల్లంతా ఆశ పెట్టుకుంటుంది. ఒంటికి "అన్‌ఫిట్" అన్న ముద్ర పడటానికి మెడికల్ బోర్డు చుట్టూ తిరిగే ఊళ్లో, మనసుకు అదే ముద్ర పడుతుందేమోనని తలుపులు మూసుకుంటారు.

చట్టం మటుకు ఈ భయాలను ముందే ఊహించినట్టుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. 87వ సెక్షన్ ప్రకారం మైనర్‌ను ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే పెద్దవాళ్లకు దూరంగా వేరుగా ఉంచాలి, తల్లిదండ్రులో వాళ్లు నియమించినవాళ్లో రాత్రింబవళ్లు పక్కన ఉండాలి. 115వ సెక్షన్ ప్రకారం ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగానే చూడాలి, శిక్షించకూడదు. పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి పోకుండా ఇంట్లోనే కట్టు కట్టుకునే కాలం పోయిందన్న కబురు చాలా క్వార్టర్లకు ఇంకా చేరలేదు.

గోదావరిఖని ఆపద ఎరగని ఊరేమీ కాదు. 2003 జూన్ 16న జీడీకే సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి ముగ్గురు పోయారు, మరికొందరిని ప్రాణాలతో బయటికి తెచ్చారు. అలాంటి రోజున ఈ ఊళ్లో ఎవరూ ఇంట్లో ఉండరు. రామగుండంలోని రెస్క్యూ స్టేషన్ నుంచి ఆక్సిజన్ సిలిండర్లు వీపున వేసుకుని మనుషులు దిగుతారు. గని ముందు వందల మంది నిలబడతారు. చిక్కుకున్నవాడి భార్య పక్కన పేరు కూడా తెలియని ఆడవాళ్లు కూర్చుంటారు. "మీ ఆయన ఎందుకు పోయిండు అటు?" అని ఆ పూట ఆమెను ఎవరూ అడగరు. తప్పెవరిదన్న విచారణ తర్వాత వస్తుంది, ముందు మనిషిని బయటికి తేవాలి. అదే ఊళ్లో ఒక క్వార్టర్‌లో పిల్ల మనసు కూలినప్పుడు మాత్రం విచారణ ముందు మొదలవుతుంది, మనుషులు తర్వాత కూడా రారు.

రారనడం కంటే పిలవరనడం సరి. పక్కింట్లో జ్వరమొస్తే చారు గిన్నె తీసుకుని పోయే ఊరు ఇది. ఈ జబ్బుకు ఎవరూ చారు తీసుకుపోరు, ఎందుకంటే ఎవరికీ చెప్పలేదు. "మెదడు వాపు అనుకున్నం", "గ్యాస్ ట్రబుల్", "కళ్లు తిరిగినయ్" లాంటి మాటలతో నెల గడుపుతారు. తల్లి పెళ్లిళ్లకు పోవడం మానేస్తుంది. తనూ పిల్ల గదిలోనే చాప వేసుకుని పడుకుంటుంది. రాత్రి గడియ చప్పుడైతే లేచి కూర్చుంటుంది. చిన్నవాడు ఎనిమిదో తరగతి లెక్కలు ఎవరినీ అడగకుండా తనే చేసుకుంటున్నాడు. వాడి అడ్రస్ కూడా ఈ ఇల్లేనని ఎవరికైనా గుర్తుందా?

ఇక చదువు. "నా లెక్క నా బిడ్డ బాయిల పడొద్దు" అన్నది ఇక్కడి తండ్రుల ప్రార్థన. అందులో ప్రేమ ఎంతుందో బరువూ అంతే ఉంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల లెక్కలో బోర్డు వైపు తప్పులు బయటపడ్డాయి, తప్పినవాళ్ల పేపర్లన్నీ ఉచితంగా మళ్లీ చూశారు. ఒక్క ఫలితమే ఎవరినీ అంతదూరం తీసుకుపోదని వైద్యులంటారు. లోపల అప్పటికే ఏదో డొల్లబారి ఉంటుంది, ఫలితం చివరి దెబ్బ అవుతుంది. ఆ పిల్లల్లో ఎంతమంది చొక్కా చేతులు అంతకుముందు మే నెలలో మణికట్టు దాకా ఉన్నాయో ఎవరు చూశారు?

మన క్వార్టర్‌కు తిరిగి పోదాం. మూడు నెలలకు ఆ ఇంట్లో కొన్ని మారాయి. మారినవన్నీ చిన్నవే. ఏరియా ఆసుపత్రికి పోయి రెఫరల్ చీటీ రాయించుకున్నారు. రామగుండంలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ప్రతి వైద్య కళాశాలలోనూ మానసిక వైద్య విభాగం ఉండాలన్నది నియమం. కాబట్టి మొదటి అడుగుకు హైదరాబాద్ రైలెక్కనక్కర్లేదు. డాక్టర్ మందులిచ్చాడు. నాలుగు నుంచి ఆరు వారాల దాకా గుణం కనబడకపోవచ్చని, మొదటి వారాల్లో పిల్లను కనిపెట్టుకుని ఉండాలని, బాగుందని మధ్యలో ఆపొద్దని చెప్పాడు. ఇంట్లోని మందులు, ప్రమాదమనిపించే వస్తువులు ఇనుప బీరువాలోకి పోయాయి. తాళం తండ్రి నడుముకు చేరింది. ఈ పని పిల్లకు చెప్పే చేశారు, దొంగచాటుగా చేయలేదు. ఒట్టు వేయించుకోవడం మానేశారు. రోజూ చేతులు చూపించమనడం మానేశారు. గాయమైన రోజు ముందు కడిగి, మందు రాసి, అన్నం పెట్టి, ఆ తర్వాతే మాట.

మాట తీరు కూడా ఒక్కరోజులో రాలేదు. సర్దార్‌కు సెలవున్న ఒక ఆదివారం. బయట వేపచెట్టు కింద మంచం. పిల్ల వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంది. ఆయన ఏమడగాలో రెండు రోజులుగా లోపల అనుకుంటూనే ఉన్నాడు. చివరికి, "ఇయ్యాల లోపల ఎట్లున్నది బిడ్డా?" అన్నాడు. గనిలో ఓవర్‌మన్ ఆయన్ను రోజూ అడిగే మాటే అది: లోపల ఎట్లున్నది? పిల్ల కాసేపు నేల చూసి, "డొల్లగున్నది బాపూ" అంది. ఆయన దానికి సలహా చెప్పలేదు. "మంచిగైతది" అనలేదు. "ఎంతసేపటి సంది?" అని ఇంకో మాట అడిగాడు. పిల్ల చెప్పింది. ఆ పొద్దు అంతే మాట్లాడుకున్నారు.

ఇది మళ్లీ రాదని ఎవరూ రాసివ్వరు. రెండు నెలలు బాగుండి మూడో నెలలో మళ్లీ గాయం కనబడితే చేసిందంతా మట్టిపాలైందని తల్లిదండ్రులు కుంగిపోతారు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో పిల్లలను బడి వయసు నుంచి ఇరవైల చివరి దాకా ఏళ్ల తరబడి అడుగుతూ పోయిన ఒక పరిశోధన 2012లో అచ్చయింది. కౌమారంలో గాయపరచుకున్నవాళ్లలో పదిమందిలో తొమ్మిది మంది పెద్దయ్యాక అది మానేశారు. అయితే దాని వెనక ఉండే దిగులు, ఆందోళన తమంత తాము పోవని, వాటికి వైద్యం కావాలని ఆ పరిశోధకులే గట్టిగా చెప్పారు. పిల్ల గాయం మానేసిందని డాక్టర్ దగ్గరికి పోవడం మానేయకూడదు.

ఈ క్వార్టర్ ఊహించుకున్నది. ఊహించుకోనివి గోదావరి ఈ ఒడ్డున గోదావరిఖనిలోనూ ఆ ఒడ్డున మంచిర్యాలలోనూ ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఉండి ఇది చదువుతున్నవాళ్లు ఒక నంబరు రాసిపెట్టుకోండి: 14416. టెలి మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. డబ్బులు పడవు. తెలుగులో మాట్లాడతారు. పిల్లలే చేయాలని లేదు, ఏం చేయాలో తోచని తల్లీ తండ్రీ కూడా చేయొచ్చు. రోజుకు ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు. సెకండ్ షిఫ్ట్ దిగి రాత్రి పన్నెండింటికి ఇంటికి చేరిన మనిషి చేసినా ఎత్తుతారు.